అందరూ లేచారు, ఒక్కరు తప్ప

మా ఇంటి బీరువాలో ఒక పాత శుభలేఖ ఉంది. అందులో పెద్దల పేర్లు వేసే చోట మా బంధువుల్లో ఒకాయన పేరు మూడో వరుసలో పడింది. మొదటి వరుసలో ఉండాలన్నది ఆయన లెక్క. పెళ్లికి వచ్చారు, అక్షింతలు వేశారు, విస్తరి ముందు మాత్రం కూర్చోకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ గడప తొక్కలేదు. ఆ ఇల్లు ఎవరిదో కాదు, ఆయన సొంత చెల్లెలిదే. రాఖీ పున్నమికి ఆవిడ వీధి వైపు చూసి చూసి లోపలికి వెళ్లిపోవడం నేను చూశాను.

భాగవతం నాలుగో స్కంధంలో దక్షుడి కథ చదివినప్పుడల్లా నాకు ఆ శుభలేఖే గుర్తొస్తుంది.

ప్రజాపతులు చేస్తున్న సత్రయాగానికి దక్షుడు వస్తాడు. సభంతా లేచి నిలబడుతుంది. బ్రహ్మ లేవలేదు, ఆయన దక్షుడికి తండ్రి కాబట్టి అది తప్పు కాదు. లేవని రెండోవాడు శివుడు, దక్షుడి అల్లుడు. ఋషులు, దేవతలు, ఆఖరికి అగ్నులతో సహా అందరూ లేచారు కదా, అది చాలలేదు దక్షుడికి. లేవని ఆ ఒక్కడి మీదే చూపు పడింది. 'కోతికళ్లవాడు, లేడికళ్ల నా కూతురి చెయ్యి పట్టుకున్నాడు, శిష్యుడితో సమానం, లేచి దండం పెట్టొద్దా' అని నిండు సభలో తిట్టి, యజ్ఞంలో నీకు భాగం లేకుండా పోవుగాక అని శపించాడు. కూతురి ప్రస్తావన ఎలా వచ్చిందో గమనించండి. ఆ పిల్ల సుఖంగా ఉందా లేదా అన్న మాటే లేదు. తన సొత్తు ఒకటి తగనివాడి చేతిలో పడిందన్న బాధే.

ఇక్కడ వ్యాసుడు ఒక చిన్న మాట వాడతాడు, నాకు చాలా ఇష్టం. శివుడు బదులు చెప్పకుండా 'కించిద్విమనా ఇవ', అంటే కాస్త మనసు చిన్నబుచ్చుకున్నవాడిలా, వెళ్లిపోయాడట. అంటే నొప్పి ఇద్దరికీ ఉంది. ఒకడు దాన్ని మోసుకుంటూ తన దారిన తాను వెళ్లాడు. ఇంకొకడు దాన్ని ఏళ్లతరబడి పెంచి పోషించాడు.

తన గొప్ప తప్ప ఇంకేదీ కనపడని ఇలాంటి స్వభావాన్ని ఇప్పుడు నార్సిసిజం అంటున్నారు. దెబ్బతిన్న అహం నుంచి పుట్టే ఈ కోపానికి 1972లో హైంజ్ కోహుట్ అనే మానసిక విశ్లేషకుడు 'నార్సిసిస్టిక్ రేజ్' అని పేరు పెట్టి వివరించాడు. పైకి కొండలా కనిపించే మనిషి తన విలువనంతా ఎదుటివాళ్ల కళ్లలో తాకట్టు పెట్టి ఉంటాడు. ఒక్కరు చూపు తిప్పుకుంటే చాలు, మొత్తం పోయినట్టే. పొగిడితే తగ్గుతుందా అంటే తగ్గదు. బ్రహ్మ ఆ తర్వాత దక్షుణ్ణి ప్రజాపతులందరికీ అధిపతిని చేశాడు. పదవి వచ్చాక పొగరు ఇంకా పెరిగింది. వాజపేయ యాగం చేశాడు, దాని వెంటనే బృహస్పతిసవం అనే ఇంకో యాగం మొదలుపెట్టాడు, శివుణ్ణి పిలవలేదు.

పుట్టింటికి వెళ్తానన్న సతీదేవికి శివుడు అప్పుడు చెప్పిన శ్లోకం ఇది:

ప్రత్యుద్గమప్రశ్రయణాభివాదనం
విధీయతే సాధు మిథః సుమధ్యమే
ప్రాజ్ఞైః పరస్మై పురుషాయ చేతసా
గుహాశయాయైవ న దేహమానినే

ఎదురు వెళ్లడం, వినయం చూపడం, నమస్కరించడం లోకంలో అందరూ ఒకరికొకరు చేసుకునేవే. తెలిసినవాళ్లు మాత్రం వాటిని గుండె గుహలో ఉన్న పరమపురుషుడికి మనసుతోనే చేస్తారు, ఈ ఒళ్లే నేను అనుకునేవాడికి కాదు అని. అంటే ఆ రోజు శివుడు దక్షుడిలో ఉన్నవాడికి నమస్కారం పెట్టే ఉన్నాడు. దక్షుడు చూసుకున్నది ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అన్న లెక్క. లోపలున్నవాడితో పరిచయమే లేదు కనుక ఆ నమస్కారం తనకు అందినట్టే తెలియలేదు.

ఇంకొకటి కూడా. అంతటి శివుడు సైతం 'సర్దుకుపో, మీ నాన్నే కదా' అనలేదు. శత్రువుల బాణాలు తగిలినా నిద్ర పడుతుంది గానీ అయినవాళ్ల వంకర మాటలు రాత్రింబవళ్లు కాలుస్తాయి, వెళ్లొద్దు అన్నాడు. దగ్గరివాళ్ల నోటికి జడిసి దూరంగా ఉంటున్నందుకు అపరాధభావంతో నలిగిపోయేవాళ్లు ఈ మాట ఒకసారి చదువుకోవాలి. సతి వెళ్లింది. తల్లి, అక్కచెల్లెళ్లు తప్ప ఎవరూ పలకరించలేదు, దక్షుడంటే భయం. ఆ తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే: సతి అక్కడే ప్రాణం విడిచింది, శివుడు పంపిన వీరభద్రుడు వచ్చి దక్షుడి తల తీసేశాడు.

ఆ యజ్ఞం జరిగిన చోటు మన ద్రాక్షారామమేనని గోదావరి వాళ్ల నమ్మకం. అక్కడ భీమేశ్వరుణ్ణి కింద ఒకసారి చూసి, మెట్లెక్కి పై అంతస్తులో మళ్లీ చూడాలి, అభిషేకం పైనే. మొదటిసారి మెట్లెక్కుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ సభలో లేవనివాడు ఇక్కడ రెండంతస్తుల ఎత్తున నిలబడ్డాడు.

వీరభద్రుడు తీసేసిన తల స్థానంలో దక్షుడికి మేక తల పెట్టారు. నిద్రలేచినట్టు లేచి ఎదురుగా శివుణ్ణి చూశాడు. శరత్కాలపు చెరువులా మనసు తేరుకుందంటాడు వ్యాసుడు. స్తుతి చేద్దామనుకున్నాడు. చనిపోయిన కూతురు గుర్తొచ్చింది. కళ్ల నీళ్లు తిరిగాయి, చాలాసేపు మాట పెగల్లేదు.