తండ్రీ అని పిలవడం అందరికీ సులువా?

దేవుణ్ణి తండ్రీ అని పిలవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ పిలుపు కొందరి గొంతులో అడ్డం పడుతుందన్న ఆలోచనే రాదు. మా శ్రీకాకుళం జిల్లా తీరంలో చాలామంది మగవాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదే ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు కొందరు పాకిస్తాన్‌కు చిక్కారు, వాళ్లలో ఎక్కువమంది విడుదలయింది 2020 జనవరిలో. ఇలాంటి ఇళ్లల్లో పిల్లలకు నాన్నంటే ఫోన్‌లో వినిపించే గొంతే. ఇంకొన్ని ఇళ్లల్లో తాగొచ్చి తలుపు తన్నే మనిషి.

సండే స్కూల్‌లో ఒక పాప అందరితో కలిసి ప్రభువు ప్రార్థన, అంటే యేసు నేర్పిన 'పరలోకమందున్న మా తండ్రీ' అనే ప్రార్థన చెబుతూ, ఆ పిలుపు దగ్గరకొచ్చేసరికి పెదాలు బిగించేసింది. తర్వాత నా దగ్గరకొచ్చి "ప్రభువా అంటే చాలదా అక్కా?" అంది. చాలు తల్లీ అన్నాను. నిజంగానే చాలు.

యేసు చెప్పిన తండ్రిని మన నాన్నలతో కొలవలేం. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో, ఆస్తంతా తగలేసి వచ్చిన కొడుకు ఇంకా దూరంగా ఉండగానే ఆ తండ్రి పరుగెత్తి వెళ్లి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు, కొడుకు చెప్పుకోవాలనుకున్నది పూర్తిగా వినకుండానే! బైబిల్లోనే 68వ కీర్తన దేవుణ్ణి తండ్రి లేనివాళ్లకు తండ్రి అంటుంది. అలాగని పిలిస్తే అడిగిందల్లా వచ్చేస్తుందనీ అనుకోకూడదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో, ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తన నుంచి తొలగించమని యేసు తండ్రీ అనే వేడుకున్నాడు, గిన్నె తొలగలేదు, అయినా లూకా రాసిన ప్రకారం సిలువ మీద ప్రాణం విడుస్తూ కూడా తండ్రీ అనే పిలిచాడు.

అందుకే పిల్లలకు ప్రార్థన బట్టీ పట్టించే ముందు లూకా 15 చదివి వినిపించాలని నా కోరిక. పిలుపు ఎప్పుడొస్తే అప్పుడే రానివ్వండి.