పాప తొమ్మిదో తరగతి, మా మూల చేను

ఆదివారం, ఫిబ్రవరి నెలాఖరు, అనంతపురం

“తొమ్మిదే కదా, పదికి చూసుకుందాంలే.” సంక్రాంతి అయినప్పటి నుంచి ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. పక్కింటి వాళ్లదీ అదే మాట, చుట్టాలదీ అదే మాట. కొన్ని ప్రైవేటు బడుల్లో అయితే జనవరి దాటకముందే తొమ్మిది పుస్తకాలు మూసేయించి పది సిలబస్ మొదలుపెడుతున్నారు. నాకిది మింగుడు పడదు. పాపకు చెప్పాలని జూన్ నుంచి ఆ పుస్తకాలు నేనూ చదువుతున్నా. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మన జిల్లా వాళ్లు ఏం పండిస్తారు, ఏం తింటారు, వాన కోసం ఎందుకు మొగం వాచి ఉంటారు, ఇవన్నీ అర్థం కావాలంటే కావలసిన సరుకంతా తొమ్మిదిలోనే ఉంది. అనంతపురం అని పేరు పెట్టి రాయలేదు, అంతే. ఆ పేరు ఇంట్లో మనం కలుపుకోవాల.

ఈరోజు ఊరికి పోయొచ్చినాం. మా మామ మూల చేన్లో చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాలని చూస్తున్నాడు, ఎన్ని మొక్కలు పడతాయో లెక్క తేలాల. శివరాత్రితో చలి పోయింది, పొద్దున తొమ్మిదికే ఎండ చురుక్కుమంటోంది. కళ్యాణదుర్గం బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పాప సోషల్ పుస్తకం తెరిచి శీతోష్ణస్థితి పాఠం పట్టుకుంది. వాన తక్కువ పడే చోట్లు చెబుతూ పశ్చిమ రాజస్థాన్, దాన్ని ఆనుకున్న గుజరాత్, హర్యానా, పంజాబ్ అని రాసినారు. ఆ తర్వాత దక్కన్ పీఠభూమి లోపలి భాగాన్నీ, సహ్యాద్రికి తూర్పు దిక్కునూ ఒక్క వాక్యంలో తేల్చేసినారు.

“అమ్మా, ఇది మనమే కదా?” అనింది.

మనమే. ఆ ఒక్క వాక్యంలో మూడు తరాల మా ఇంటి కష్టం ఉంది. “మరి సముద్రం పడమరా ఉంది, తూర్పునా ఉంది. రెండు పక్కల నుంచీ మనకు రావాల కదా వాన?” అని మళ్లీ అడిగింది. ఇంత మంచి ప్రశ్న వచ్చినప్పుడు మార్కుల కోసం చదివే పాఠం పక్కన పెట్టేయొచ్చు. అట్లాసు తీయించి చూపించినా. నైరుతి గాలి అరేబియా సముద్రం మీద నుంచి తేమ మోసుకొని వచ్చి పడమటి కనుమలను ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడి, ఉన్న నీళ్లన్నీ అక్కడే కుమ్మరిస్తుంది. మంగళూరులో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి పడుతుంది. అదే గాలి కొండ దిగి మన దిక్కు వచ్చేటప్పటికి వేడెక్కి ఎండిపోయి ఉంటుంది. ఇక ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం నుంచి వచ్చినా నెల్లూరు పక్క తడిపి, లోపలికి వచ్చేకొద్దీ సత్తువ తగ్గిపోతుంది. రెండింటి కొసలూ అందీ అందకుండా తగిలే చోటు మనది. ఏడాది మొత్తానికి దాదాపు 550 మిల్లీమీటర్లు, అందులోనూ సెప్టెంబర్ నెలదే పెద్ద వాటా. శనక్కాయ విత్తిన రైతు సెప్టెంబర్ వాన కోసం ఎందుకు ఎదురుచూస్తాడో పాపకు ఈరోజు బస్సులో తెలిసింది. పటంలో పెన్న ఎక్కడ పుడుతుందో కూడా చూసింది. నంది కొండల్లో పుట్టి మన జిల్లా దాటి కడప మీదుగా నెల్లూరు పక్క సముద్రంలో కలుస్తుంది. పుస్తకంలో కృష్ణకు ఉపనది అని బట్టీ పట్టిన తుంగభద్ర నీళ్లే హెచ్చెల్సీ, అంటే ఎగువ కాలువలో మన జిల్లాకు వస్తున్నాయని చెబితే ఆశ్చర్యపోయింది.

చేను కొలిచే పని పాపదే అని ముందే ఒప్పందం. మా ఆయన మేస్త్రీ దగ్గర అడిగి ముప్పై మీటర్ల టేపు తెచ్చినాడు. మూల చేను పేరుకు తగ్గట్టే ఉంటుంది: ఒక పక్క బండ్ల దారి, ఒక పక్క వంక, ఇంకో పక్క పొరుగు చేను పెద్దాయన వాళ్ల గట్టు. మూడే మూలలు. కంది కోసేసినాక కొయ్యలు మిగిలినాయి, చెప్పుల్లోకి గుచ్చుకుంటున్నాయి. దారి వైపూ, గట్టు వైపూ చకచకా అయిపోయినాయి. వంక వైపు మాత్రం కట్ట మెలికలు తిరిగి ఉంది. అక్కడ మా ఆయన ఈ మూలన ఒక కట్టె, ఆ మూలన ఒక కట్టె పాతి తాడు బిగించి కట్టినాడు. తాడు వెంబడి టేపు పరిచి, ముప్పై మీటర్లకు ఒక రాయి పెట్టుకుంటూ కొలిచినారు. పాప చేతి మీద పెన్నుతో రాసుకుంది: 64, 71, 75.

తర్వాత వేపచెట్టు నీడలో నోటుబుక్కు తీసింది. మూడు భుజాలూ కూడితే 210, అందులో సగం 105. 105 లోంచి ఒక్కో భుజం తీసేస్తే 41, 34, 30. ఈ నాలుగింటినీ గుణిస్తే 43,91,100. దానికి వర్గమూలం కడితే వైశాల్యం. హీరాన్ సూత్రం అంటే ఇదే. ఎత్తు కొలవనక్కర లేదు, లంబం గీయనక్కర లేదు, మూడు గట్లు కొలుచుకుంటే చాలు. మూడు మూలల చేను ఉన్న రైతుకు ఇంతకంటే పనికొచ్చే లెక్క ఇంకేముంటుంది! అలెగ్జాండ్రియాలో దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఉన్న మనిషి పేరుతో పిలిచే సూత్రం మా కంది కొయ్యల మధ్య పని చేసింది.

వర్గమూలం పూర్తిగా తెగలేదు. దశాంశాలు పోతూనే ఉన్నాయి. “కరణీయ సంఖ్య వచ్చిందమ్మా!” అని కేక పెట్టింది. మొదటి పాఠంలో వచ్చే సంఖ్య చేన్లో దొరికితే ఆ సంతోషం వేరే. చివరికి 2,095న్నర చదరపు మీటర్లు అని ఒడ్డుకు చేర్చింది. సెంటుకు 40.47 చదరపు మీటర్ల లెక్కన భాగిస్తే 51.8 సెంట్లు. పాసుపుస్తకంలో 52 ఉంది. మామ ఏమీ అనలేదు గానీ ఆ కాగితం చింపి ఇమ్మని అడిగి తీసుకొని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చీనీ చెట్టుకు చెట్టుకు ఆరు మీటర్ల ఎడం ఉండాల, అంటే చెట్టుకు 36 చదరపు మీటర్లు. “58 మొక్కలు తాతా” అనింది పాప.

“గట్ల పక్కన, మూలల్లో పెట్టలేం పాపా. యాభై అనుకుందాం” అన్నాడు మామ.

పుస్తకం లెక్కకు చేను చెప్పిన సవరణ అది. అంచుల్లో ఎంత పోతుందో పటం గీసి చూస్తానని పాప పట్టు పట్టింది. అట్ల పట్టు పడితే నాకు కడుపు నిండినట్టే.

మధ్యాహ్నం రాగి సంగటి, ఊరుబిండి. అత్త చేసిన ఊరుబిండి గురించి రాయాలంటే ఇంకో పేజీ కావాల. తింటూ ఆహార భద్రత పాఠం మాటల్లోకి వచ్చింది. పుస్తకంలో 1943 బెంగాల్ కరువు ఉంది, ఒడిశా కలహండి ఉంది. అవి తెలియాల్సిందే. కానీ మన సీమ పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు 1876లో మొదలైన ధాత కరువు గురించి చెప్పకపోతే ఎట్ల? అత్త వాళ్లమ్మ 1950ల మొదట్లో వచ్చిన గంజి కరువు చూసిన మనిషి. గంజి కేంద్రం ముందు తపేలా పట్టుకొని నిలబడిన సంగతి అత్తకు చెప్పేదంట. అత్త అది చెప్తుంటే పాప సంగటి ముద్ద చేతిలోనే పట్టుకొని వినింది. 2013 చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు అని పాప చెబితే, “ఆ పొద్దు ఇట్లాంటి చట్టం ఉండింటే ఎంతమంది బతికేవాళ్లో” అనింది అత్త. పాఠం చివర ఇచ్చిన ప్రశ్నలకు ఇంతకంటే మంచి జవాబు నేను చెప్పలేను.

పొద్దు వాలినాక పెద్దాయన వాళ్ల చేను దిక్కు పోయినాం. అక్కడ గొర్ల మంద పెట్టించినారు. వల కట్టి, లోపల గొర్లు ఒకదానికొకటి ఆనుకొని పడుకొని ఉన్నాయి, పిల్లలకు వేరేగా తడికె కట్టినారు. రాత్రంతా అక్కడే ఉంటే పెంట, గంజు (మూత్రం) చేనుకు దిగుతాయి. మరుసటి రోజు వల విప్పి పక్క తావుకు జరుపుతారు. చేను గల్లవాళ్లు రాత్రికింత అని డబ్బు ఇస్తారు, కొందరు గింజలు ఇస్తారు. మంద కాసేది కురుబ ముసలాయన, భుజాన నల్ల కంబళి.

పాప సంచిలోంచి పుస్తకం తీసింది. చరిత్రలో పశుపోషకుల పాఠం ఉంది. ఆంధ్ర, కర్ణాటక మెట్ట నేలల గురించి చెబుతూ గొల్లలు పశువులు కాసేవాళ్లనీ, కురుమలు, కురుబలు గొర్లూ మేకలూ పెంచి కంబళ్లు నేసి అమ్మేవాళ్లనీ రాసినారు. ఆ నాలుగు వాక్యాలు పైకి చదివింది. ముసలాయన కట్టె మీద గడ్డం ఆనించి వింటున్నాడు.

“మా పేరు పుస్తకంలో ఉందా పాపా? ఇంకోసారి సదువు.”

చదివింది. మహారాష్ట్ర ధంగర్ల సంగతి కూడా చదివింది: పంట కోసినాక కొంకణ్ దిగి, వాళ్ల మందలు చేలకు ఎరువు వేసి కొయ్యలు మేస్తే, రైతులు బియ్యం ఇచ్చేవాళ్లు. “ఇది మేం సేసేదే కదా” అన్నాడాయన. వరి కోతలైనాక కాలువల కింద పొలాలకు పోతారంట, వాళ్ల నాయన కాలంలో బళ్లారి పక్క దాకా పోయేవాళ్లంట. కంబళి మాట ఎత్తితే మాత్రం తల అడ్డంగా ఆడించినాడు. “ఉన్ని కత్తిరిచ్చే కూలి కూడా గిట్టదు పాపా, నేసేవాళ్లు ఏడుండారు?”

తెల్లదొరల కాలంలో ఒక్కో జంతువుకూ పుల్లరి కట్టాలనీ, అడవిలోకి పోవాలంటే పర్మిట్ చూపించాలనీ, 1871లో చట్టం చేసి తిరిగే జనాల్లో కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసినారనీ పాఠంలో ఉంది. ఆఫ్రికాలో మాసాయి వాళ్లు తమ మేత భూముల్లో దాదాపు 60 శాతం పోగొట్టుకున్నారనీ ఉంది. పాప అది చెప్పినాక, “ఇప్పుడు మీకు పుల్లరి లేదు కదా తాతా?” అనింది. లేదు గానీ మేసే తావే తగ్గిపోయిందన్నాడు. నిన్నటి దాకా బీడు ఉన్న చోట కంచె వేసినారు, సోలార్ పలకలు వచ్చినాయి, మంద తోలుకుపోయే దారి చుట్టూ తిప్పుకొని పోవాల్సి వస్తోంది. కరెంటూ కావాల్సిందే, నేను కాదనను. కానీ ఆ దారి ఎవరి పాసుపుస్తకంలోనూ లేదు కాబట్టి దాని గురించి అడిగేవాళ్లు లేరు. ఆ పాఠం చదివిన పిల్ల రేపు తహసీల్దార్ అయితే కంచె వేసే ముందు మందల దారి ఎక్కడని అడుగుతుంది. అందుకే ఈ పాఠాన్ని “పరీక్షకు ముఖ్యం కాదు” అని దాటేస్తే నాకు కోపం వస్తుంది.

రేషన్ ఎట్ల అని నేను అడిగినా. కార్డు ఊర్లో కొడుకు దగ్గర ఉందంట, తిరిగే నెలల్లో బియ్యం కొనుక్కుంటాడంట. ఒకే దేశం ఒకే కార్డు కింద వేరే చోట కూడా వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చని చెప్పినాం. పాప కార్డు నంబరు ఒక చీటీ మీద రాసి పెట్టుకోమని చెప్పింది. కొడుకుకు ఫోన్ చేయించి నంబరు రాయించిన దాకా అక్కడి నుంచి కదల్లేదు. ఓట్లప్పుడు మాత్రం ఎక్కడున్నా ఊరికి వస్తానన్నాడు ముసలాయన.

బస్సు ఆలస్యంగా దొరికింది. వచ్చేటప్పుడు రాజ్యాంగ రచన పాఠం తిరగేసింది. రాజ్యాంగ సభలో మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి కూడా ఉన్నాడనీ, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయినాడనీ చెప్పినా. అంతలో నిద్ర పట్టేసింది.

ఇంటికొచ్చి మొగం కడుక్కోగానే మళ్లీ తేరుకుంది. రేపు గురుత్వాకర్షణలో స్లిప్ టెస్టు. సూత్రాలన్నీ ఒకసారి చూసుకొని, మూల చేన్లో ఉన్న పాడు బావి గుర్తు చేసుకుంది. రాయి వదిలి ఎన్ని సెకన్లకు చప్పుడు వినిపిస్తుందో చూస్తే లోతు తెలుస్తుంది కదా అనింది. కాలాన్ని కాలంతోనే గుణించి 9.8తో హెచ్చించి సగం చేస్తే లోతు. ఒకటిన్నర సెకను పడితే 11 మీటర్లు. “మరి చప్పుడు పైకి రావడానికి కూడా టైం పడుతుంది కదమ్మా? అది తీసేయాల కదా?” గాల్లో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి 11 మీటర్లకు సెకనులో నూటికి మూడు వంతులే, వదిలేయొచ్చులే అన్నా. ఒప్పుకోలేదు. ధ్వని పాఠం కూడా ఉంది కదా, రెండూ కలిపి కడతా అంటోంది. అడుగున నీళ్లు లేవు, రాయి బండకు తగిలితే చప్పుడు గట్టిగా వినిపిస్తుందని మా ఆయన లోపలి నుంచి చెప్పినాడు. వచ్చే వారం పోవాలంట. కట్ట దగ్గరికి తాత లేకుండా పోకూడదని, ఫోన్లో ఉండే స్టాప్‌వాచ్ సరిపోతుందని చెప్పి, టెస్టుకు ఇంకో రెండు లెక్కలు చేయించి పడుకోమన్నా.