ఒకే అడ్డకర్ర: బార్, బారిస్టర్, బ్యారేజీ

బెజవాడలో ఉండేవాళ్ళం రోజుకి ఎన్నిసార్లు బ్యారేజీ అంటామో లెక్కే ఉండదు, బ్యారేజీ మీంచి రా, బ్యారేజీ దగ్గర దిగు, బ్యారేజీ గేట్లు ఎత్తారంట. ఈ మాటకీ, కోర్టుల దగ్గర కనపడే బార్ అసోసియేషన్ బోర్డుకీ, ఆ పక్క వీధిలో బార్ అండ్ రెస్టారెంట్‌కీ మూలం ఒక్కటే అంటే మా ఇంట్లో ముందు ఎవరూ నమ్మలేదు.

పాత ఫ్రెంచిలో బార్ అంటే అడ్డకర్ర. తలుపు లోపలివైపు అడ్డగడియ వేస్తారే, అదే. ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నాక అది ఎన్ని దార్లు పట్టిందో. జైలు ఊచలు బార్లే, సబ్బు బార్, చాక్లెట్ బార్ కూడా ఆ కర్ర ఆకారం వల్లే. మందు పోసే చోట కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మధ్య అడ్డంగా ఉండే బల్లకి ఆ పేరొచ్చి, మెల్లగా కొట్టు మొత్తానికీ పాకింది. నది సముద్రంలో కలిసేచోట నోటికి అడ్డంగా పడే ఇసుక మేట కూడా బారే.

లాయర్ల బార్ సంగతి ఇంకా బాగుంటుంది. లండన్‌లో లాయర్లని తయారుచేసే ఇన్స్ ఆఫ్ కోర్ట్ హాళ్ళలో పెద్దలు కూర్చునే చోటికీ విద్యార్థులకీ మధ్య ఒక అడ్డు ఉండేది, చదువు అయినవాణ్ణి ఆ అడ్డు దగ్గరకి పిలిచేవాళ్ళు, అలా పిలుపందుకున్నవాడే బారిస్టర్. మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముందు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు, ఆ గ్రేడుతో పైకోర్టుల్లో వాదించే వీల్లేదు కాబట్టి ఇంగ్లండ్ వెళ్ళి బారిస్టర్ అయి వచ్చారు. ఆయన పేరే మన బ్యారేజీకి పెట్టారు. పేరులోని మనిషి చదువూ, కట్టడం పేరూ రెండూ ఒకే అడ్డకర్ర నుంచి వచ్చాయి, నాకైతే ఇది తెలిసిన దగ్గర్నుంచి అటు వెళ్ళినప్పుడల్లా గుర్తొస్తానే ఉంటది.

బ్యారేజీ అంటే ఫ్రెంచిలో అడ్డం కట్టడం. ఇంగ్లీషులోకి నైలు నది మీద కైరో దగ్గర కట్టిన దాని గురించి రాస్తూ 19వ శతాబ్దంలో వచ్చింది. మన దగ్గర అంతకుముందు ఆనకట్ట ఉండేది, 1855 నాటికి కట్టింది, ఆనకట్టని తమిళంలో అణైకట్టు అంటారు, ఆ మాటనే తెల్లవాళ్ళు ఆనికట్ అని వాళ్ళ ఇంజనీరింగ్ పుస్తకాల్లో రాసుకున్నారు. అది 1952లో తెగిపోయాక 1957కి ఈ బ్యారేజీ పూర్తయింది.

డ్యామ్‌నీ బ్యారేజీనీ ఒకటే అనుకోవద్దని నేను అందరికీ చెప్తుంటా. డ్యామ్ నీళ్ళు దాచిపెడతది, సాగర్‌లో 312 టీఎంసీలు పడితే మన దగ్గర పట్టేది 3 టీఎంసీల చిల్లర. బ్యారేజీ పని నదికి అడ్డంపడి నీటిమట్టం లేపి అటు గుంటూరు వైపు ఇటు కృష్ణా వైపు కాలవల్లోకి మళ్ళించడం, అంతే. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు 70 గేట్లూ ఎత్తేసి వచ్చింది వచ్చినట్టు వదిలేయాల్సి వచ్చింది, అప్పుడు ఇక్కడే ఆపొచ్చుగా అన్నవాళ్ళని చూస్తే బాధేసింది, ఆపేందుకు చోటేదీ? ఊళ్ళో సింగ్‌నగర్ వైపు ముంచింది బుడమేరు వాగు, అది వేరే కథ.

ఇంగ్లీషు పేపర్లో బ్యారేజ్ ఆఫ్ క్వశ్చన్స్ అని చదివి నీళ్ళకీ ప్రశ్నలకీ ఏంటి సంబంధం అనుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు ముందుకి రాకుండా అడ్డంగా గోడ కట్టినట్టు ఫిరంగి గుండ్లు కురిపించేవాళ్ళు, ఫ్రెంచివాళ్ళు దాన్ని తీర్ ద బరాజ్ అన్నారు, అంటే అడ్డుకునే కాల్పులు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకుని గుండ్ల బదులు ప్రశ్నలకి, తిట్లకి వాడేశారు.

చుట్టాల్లాగా కనపడి కానివాళ్ళూ ఉన్నారు. దసరాకి దుర్గమ్మ కొండ కింద క్యూలైన్లకి పెట్టే బారికేడ్ పీపాల నుంచి వచ్చింది, 1588లో పారిస్ జనం మట్టి నింపిన పీపాలు వీధులకి అడ్డం పెట్టారు. ఇక టైర్లలో గాలి కొట్టేచోట మీటర్ మీద ఒక వరస పీఎస్ఐ, ఇంకో వరస బార్ అని ఉంటది చూడండి, రెండూ గాలి ఒత్తిడి కొలతలే, ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. ఈ బార్ గ్రీకులో బరువు అనే అర్థమున్న బారోస్ నుంచి వచ్చింది, బారోమీటర్‌లో ఉన్నది అదే, తుఫాన్ వార్తల్లో వినే మిల్లీబార్ కూడా అదే.