జైసల్మేర్ రాతిలో బొరియలు: పన్నెండో పొర దగ్గర వాలు

దుకాణంలో తెచ్చిన జైసల్మేర్ సున్నపురాయి బండలో పాతకాలపు సముద్రజీవుల బొరియలు రాయిగా మిగిలి ఉన్నాయి. వాటి ఆకారం తెలియడానికి బండను గాజు పలకమీద పొర పొరగా అరగదీసి, ప్రతి పొరనూ స్కాన్ చేస్తున్నాం. పన్నెండు పొరలు అరగదీశాక బయటపడింది, బండ సమంగా అరగడం లేదు. నాలుగు మూలలా 18.0 మి.మీ. మిగలాలి. కాలిపర్ చూపినవి 18.7, 18.6, 16.1, 16.0. అంటే 75 మి.మీ. వెడల్పులో 2.6 మి.మీ. వాలు, దాదాపు 2 డిగ్రీలు.

ఈ రెండు డిగ్రీలే కొంప ముంచాయి. 18 మి.మీ. వెడల్పున్న బొరియ చుట్టూ గోధుమరంగు అంచు ఉంది. అది రొయ్య జాతి జీవి బురద ఉండలు మెత్తిన గోడైతే ఆ బొరియ రకం పేరు ఆఫియోమార్ఫా, అప్పటి సముద్రపు అడుగు వదులు ఇసుక. ఇనుము ఊరిన మరక మాత్రమే అయితే థలాసినాయిడీస్ అనే రకం, అడుగు గోడ మెత్తకపోయినా కూలనంత గట్టి మట్టి. తేల్చాలంటే అంచు అసలు మందం తెలియాలి. పడుకున్న సొరంగాన్ని 5 డిగ్రీల కోణంలో కోస్తే 1 మి.మీ. అంచు నిడివి దిశలో 11 మి.మీ.కు పైగా కనిపిస్తుంది, 7 డిగ్రీలైతే 8 మాత్రమే.

కారణాలు మూడు అనుకున్నాం. అరచేతి బరువు ఒక పక్కకే పడటం మొదటిది. ప్రతి 50 రుద్దులకూ బండను అటూ ఇటూ తిప్పితే తర్వాతి ఆరు పొరల్లో వాలు 0.4 మి.మీ. మాత్రమే పెరిగింది, అంతకుముందు ఆరు పొరలకు 1.3 పెరిగేది. మిగిలిన 0.4 రాతిదే కావచ్చు: బొరియలో నిండిన ఇసుకలో క్వార్ట్జ్ ఉంటే, చుట్టూ ఉన్న సున్నపురాయికన్నా నెమ్మదిగా అరుగుతుంది. బొరియలున్న పక్కే మందంగా మిగలడం దానికి సరిపోతోంది. గాజు పలక మధ్యలో గుంతపడటం మూడోది. స్టీలు స్కేలు ఆనించి చూస్తే సందు కొలిచే 0.15 మి.మీ. రేకు (ఫీలర్ గేజ్) దూరింది. 80 నంబరు గరుకు పొడితో ఒకే చోట రుద్దితే గాజూ అరుగుతుంది, పలక మార్చాల్సిందే.

స్కానింగు బాగానే వచ్చింది. గ్లిజరిన్ రాస్తే బొరియ స్పష్టంగా తేలుతుంది. ఎప్సన్ వి600 లాంటి, కటకంతో చూసే సీసీడీ స్కానరే మేలు, గాజుకు కాస్త ఎత్తులో ఉన్నా ఫోకస్ పోదు.

తాండూరు బండల్లో ఇవి వెతకొద్దు. అవి జంతువుల జాడలు విరివిగా కనిపించే కేంబ్రియన్ యుగానికి ముందువి, వాటిమీది కొమ్మల్లాంటి నల్లగీతలు మాంగనీసు. ఇక బొరియలతో వయసు చెప్పడం అంటారా, ట్రెప్టిక్నస్ పెడమ్ అనే బొరియ జాడలా కాలాన్ని చూపేవి అరుదు. 1992లో కేంబ్రియన్ మొదలయ్యే హద్దును కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌లోని ఫార్చ్యూన్ హెడ్ దగ్గర దాని ఆధారంగానే ఖాయం చేశారు, తర్వాత అదే జాడ ఆ హద్దుకు 4 మీటర్ల కిందా దొరికింది. థలాసినాయిడీస్ అయితే ఎన్నో యుగాల్లో ఉంది. దాంతో సముద్రపు అడుగు ఎలా ఉండేదో చెప్పగలం, ఏ కాలమో చెప్పలేం. జైసల్మేర్ రాయి జురాసిక్‌ది అనడానికి అమ్మోనైట్లనే చుట్టగుల్లల శిలాజాలే దిక్కు.

తర్వాతి బండకు మూలల్లో 2 మి.మీ. రంధ్రాలు 45 డిగ్రీల వాలుగా వేస్తాం. రంధ్రం ఎంత పక్కకు జరిగితే అంత లోతు అరిగినట్టు, ప్రతి స్కానులోనూ నాలుగు మూలల కొలత దానంతటదే వస్తుంది. మూడు బోల్టుల చట్రం కూడా సిద్ధమవుతోంది. దుకాణపు తునకకు ఏది పైవైపో తెలియదు కాబట్టి, ఈసారి రెండు కొనలూ పైకి ఉండే 'యు' ఆకారపు బొరియ, డిప్లోక్రటీరియాన్, ఉన్న ముక్క కోసం చూడాలి.