గాలి గొట్టం దగ్గర కూర్చునే పని

1715 జూలై నెలాఖరులో హవానా నుంచి స్పెయిన్‌కు వెండి, బంగారు నాణేలతో బయలుదేరిన ఓడల్లో పదకొండు, ఫ్లోరిడా తూర్పు తీరంలో తుపానుకు చిక్కి మునిగిపోయాయి. ఆ శిథిలాలు చాలావరకు తీరానికి దగ్గరగా, ఆరు మీటర్లకు మించని లోతులోనే చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. సముద్రం నిమ్మళించే వేసవి నెలల్లో వాటిని వెతికే పడవల్లో ఒకదాని మీద నేను పనిచేస్తున్నాను. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నెలో వలల మధ్య, పడవ ఇంజన్ల మధ్య పెరిగిన నాకు ఇక్కడ అప్పగించిన పని నీళ్లలోకి దిగడం కాదు, దిగినవాడికి పైనుంచి గాలి అందేలా చూడడం.

వీపున సిలిండర్ కట్టుకుంటే అది అయిపోగానే పైకి రావాలి; పడవ మీద కంప్రెసర్ ఉంటే ఇంజన్ నడిచినంతసేపూ గాలి అందుతుంది కనుక, గంటల తరబడి ఇసుక వెతకవలసిన తక్కువ లోతు పనికి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. చిన్న పెట్రోలు ఇంజనుతో నడిచే కంప్రెసర్ గాలిని ఫిల్టర్ గుండా ఒక చిన్న ట్యాంకులోకి పంపుతుంది, అక్కడి నుంచి నీటి మీద తేలే పొడవాటి గొట్టం ద్వారా అది మనిషి నోటిలో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌కు చేరుతుంది. ఇంజన్ ఆగితే ట్యాంకులో మిగిలేది పైకి రావడానికి సరిపోయే కాసింత గాలి మాత్రమే, అందుకే మావాళ్లు నడుముకు ఒక చిన్న సిలిండర్ కూడా కట్టుకొని దిగుతారు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంజన్ పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. పది మీటర్ల లోతులో పీడనం రెట్టింపవుతుంది కాబట్టి దాని ప్రభావమూ అంతే పెరుగుతుంది. మామూలుగా ఒక్క లంగరు మీద ఉన్న పడవ గాలివాటానికి తిరుగుతుంది గనుక పొగ ఎప్పుడూ వెనక్కే పోతుంది. మా పడవ అలా తిరగదు. ప్రొపెల్లర్ల వెనుక పెద్ద వంపు గొట్టాలు దించి, ఆ నీటి ఒరవడితో అడుగున ఇసుకను తొలిచేటప్పుడు పడవ కదలకూడదని మూడు వైపులా లంగర్లు వేసి బిగిస్తాం. అప్పుడు గాలి మళ్లిందంటే పొగ నేరుగా కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం మీదికి వస్తుంది. పొద్దున నేల మీది నుంచి వీచే పడమటి గాలి మధ్యాహ్నానికి తూర్పుగాలిగా మారడం మా నెల్లూరు తీరంలో వేటకు పోయే ప్రతివాడికీ తెలుసు, ఇక్కడా అదే జరుగుతుంది. ఆ వేళకు నేను బుడగల మీద ఒక కన్ను, కడ్డీకి కట్టిన గుడ్డపేలిక మీద ఒక కన్ను ఉంచి, పేలిక తిరగడం మొదలైన వెంటనే కింద ఉన్నవాడికి కట్టిన తాడును నాలుగుసార్లు లాగుతాను. పైకి రమ్మని దాని అర్థం.

ఒకసారి అలా పిలిచినప్పుడు పైకి వచ్చినవాడు గుప్పిట విప్పి, మాడిన అప్పడం ముక్కలాంటి నల్లటి రేకు చూపించాడు. ఉప్పునీటిలో వెండి అలాగే నల్లబడుతుంది, బంగారం మాత్రం ఎన్నేళ్లయినా మెరుస్తూనే ఉంటుంది. దానిని దొరికిన చోటు గుర్తుతో పుస్తకంలో రాసిన తరువాతే పెట్టెలో పెట్టాము. ఇక్కడ వెతకడానికి కోర్టు ఇచ్చిన హక్కు ఉండాలి, ఫ్లోరిడా రాష్ట్ర ప్రభుత్వానికి మ్యూజియం కోసం వాటా చెల్లాలి. ఈ పద్ధతి ఎంత అవసరమో మన జిల్లా చరిత్రే చెబుతుంది: 1780లలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు పాత గుడి శిథిలాల కింద రోమన్ బంగారు నాణేల కుండ దొరికితే, వాటిలో చాలా నాణేలు పాత బంగారం కింద అమ్ముడై కరిగిపోయాయి. లంకెబిందెల కోసం కొండలు తవ్వే మనవాళ్లకు, పది రూపాయలకు మించిన నిధి నేలలో దొరికితే కలెక్టరుకు తెలపాలన్న 1878 నాటి చట్టం ఉందని కూడా తెలియదు.

ఊరి నుంచి తమ్ముళ్లు ఫోన్ చేసి, "పంక్చర్ షాపు కంప్రెసర్ పెట్టుకుంటే సరిపోదా అన్నా?" అని అడుగుతున్నారు. సరిపోదు. టైరుకు కొట్టే గాలిలో కలిసే ఆయిల్ తుంపర ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, అందుకే మనుషులు పీల్చే గాలికి ఆయిల్ లేని కంప్రెసర్, దానికి తగిన గొట్టం వేరే ఉంటాయి. ఆ సామాను తెచ్చుకున్నా శిక్షణ లేకుండా దిగవద్దనే చెబుతున్నాను, ఎందుకంటే కింద పీల్చిన గాలిని బిగబట్టి పైకి లేస్తే రెండు మీటర్ల లోతు నుంచే ఊపిరితిత్తి చిట్లవచ్చు.