దుర్గమ్మకు నా మొక్కు, గుణదల మాతకు వదిన మొక్కు

మొక్కులు తీరాయి. మోకాళ్ళు ఇంకా సలుపుతూనే ఉన్నాయి, గోళ్ళ సందుల్లో పసుపు వదల్లేదు. రెండు రోజులు పోతే ఇంటి పనుల్లో పడి సగం మర్చిపోతానని ఇప్పుడే రాయడానికి కూర్చున్నాను.

మా అమ్మాయికి ఏడో నెలలోనే కాన్పయింది. పాప బరువు 1,200 గ్రాములు. గుంటూరులో ఒక ఆసుపత్రి అద్దాల గదిలో పెట్టారు. ముక్కుకు గొట్టం, అరచేయంత ఒంటికి ఎన్ని వైర్లో. "ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా" అన్నారు డాక్టరుగారు. బయట బెంచీ మీద కూర్చుని కొంగు ముడి వేసుకుని దుర్గమ్మకు మొక్కుకున్నాను. తల్లీ, ఈ బిడ్డ ఊపిరి నిలబెట్టు, నీ కొండ మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ వస్తాను, చీర పెట్టుకుంటాను అని. అదే బెంచీ ఆ చివర మా ఎదురింటి వదిన జపమాల తిప్పుతోంది. చుట్టరికం ఏమీ లేదు, ఎప్పటి నుంచో అలా పిలుచుకోవడమే. వాళ్ళు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ క్రైస్తవులు. ఏం మొక్కుకుందో ఆ రోజు నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పాప ఇంటికొచ్చి బారసాల అయ్యాక చెప్పింది, గుణదల మాతకు, అంటే విజయవాడ గుణదల కొండ మీది మరియ తల్లికి, తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట. పాపవి కాదు, తనవి.

నాకు నోట మాట రాలేదు. అరవై దగ్గర పడుతున్న మనిషి, నడుము దిగే జడ. పరాయి ఇంటి బిడ్డ కోసం.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే మాట. పాపను బతికించింది ఎవరు? మా అత్తగారు "ఇంకెవరు, దుర్గమ్మే" అంటారు. మా ఆయన స్నేహితుడు ఒకాయన ఐదు పూటలా నమాజులో పాప కోసం దువా చేశాడు, "పైవాడి దయ" అంటాడు. మా అల్లుడు "అందరు దేవుళ్ళూ ఒక్కడే కదా, ఈ గొడవెందుకు" అని తేల్చేస్తాడు. నేనూ ఒక్కడే అని నమ్మేదాన్నే. విజయవాడ అమ్మవారిని కొలిచేవాళ్ళకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. దసరాల్లో అదే మూర్తి ఒక రోజు బాలాత్రిపురసుందరి, ఒక రోజు అన్నపూర్ణ, మూలా నక్షత్రం నాడు సరస్వతి, ఆఖరికి రాజరాజేశ్వరి. చీర మారుతుంది, చేతిలో వస్తువు మారుతుంది, తల్లి మారదు. ఆ లెక్కన గుణదలలో ఉన్నదీ అమ్మ అలంకారమే అనుకుంటూ ఉండేదాన్ని. కానీ వదిన చేస్తున్న పని చూశాక అంత తేలిగ్గా అనేసి ఊరుకోవడం ఆవిడకు సరిపోదనిపించింది.

గుణదల తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. ఆ రోజుల్లోనే ఇద్దరి మొక్కులూ తీర్చుకుందామని బయల్దేరాం. ముందు దుర్గమ్మ. అమ్మాయి, అల్లుడు పాపను తీసుకుని ఘాట్ రోడ్డు మీదుగా వెళ్ళారు. వదిన కింద కృష్ణ ఒడ్డున మా సంచులు చూసుకుంటూ కూర్చుంది. నేను మెట్ల దగ్గర మొదలుపెట్టాను.

మెట్ల పూజ చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. వంగి పసుపు రాయాలి, కుంకుమ బొట్టు పెట్టాలి, మళ్ళీ లేచి ఇంకో మెట్టు. కాసేపటికే నడుము పట్టేసింది. దానికి తోడు జనం. ఇప్పుడే రాసిన పసుపు మీద కాలు పెట్టుకుని పోయేవాళ్ళు కొందరు, సెల్ఫీ కోసం నన్ను పక్కకు జరగమనేవాళ్ళు కొందరు. ఒకబ్బాయి నా చేతి వేళ్ళ మీదే కాలేసి వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కేశాడు. అమ్మవారి దగ్గరకు వచ్చేటప్పుడు కూడా అంత తొందర దేనికో! కళ్ళ నీళ్ళు తిరిగాయి, నొప్పికి కాదు, కోపానికి. కోపంతో బొట్టు పెట్టకూడదని అక్కడే ఆగి, మూడుసార్లు "జై దుర్గా" అనుకుని, మళ్ళీ వంగాను. సగం దాటాక మోకాలు మడత పడనంది. అప్పుడిక కూర్చుని, చేతులతో ఒళ్ళు పైకి లాక్కుంటూ మెట్టు తర్వాత మెట్టు ఎక్కాను. పైకి చేరేసరికి చీర కుచ్చిళ్ళన్నీ పసుపు, కుంకుమ.

క్యూలో మళ్ళీ తోపులాట. పాప ఏడుపు. వెనకనుంచి ఒకాయన ఫోనులో స్థలం బేరం మాట్లాడుతూనే ఉన్నాడు, గర్భగుడి దాకా. ఇవన్నీ తిట్టుకుంటూ తల ఎత్తేసరికి అమ్మ. ముందు ముక్కుపుడక మెరుపు కనిపించింది, తర్వాత కళ్ళు. అల్లుడు పాపను పైకెత్తి పట్టుకున్నాడు. ఏడుస్తున్న పిల్ల టక్కున ఆపి దీపాల వైపు నోరు తెరిచి చూసింది. "జరగండమ్మా, జరగండి" అని కేక. ఎన్ని క్షణాలో తెలియదు. చెప్పుకోవాలని వరసగా అనుకున్నవేవీ గుర్తు రాలేదు. "బతికిందమ్మా" అని మాత్రం అన్నాను.

గుణదల సంగతి మీకు తెలిసిందే. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులో లూర్దు గుహ దగ్గర పద్నాలుగేళ్ళ బెర్నదెత్తకు కనిపించిన తల్లి పేరన, 1924లో ఫాదర్ ఆర్లాటి ఇక్కడి కొండ గుహలో స్వరూపం పెట్టారు. తెల్లని వస్త్రం, నీలి నడికట్టు, చేతికి జపమాల. కిందనుంచి పైన సిలువ దాకా జనమే జనం. కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్ళు, కొబ్బరికాయలు పట్టుకున్నవాళ్ళు, గుండ్లు చేయించుకున్నవాళ్ళు. నుదుట బొట్టుతో నాలాంటివాళ్ళు కూడా చాలామంది. మైకుల్లో ప్రార్థనలు, పక్కనే బూరలమ్మేవాళ్ళ గోల, తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడం. ఇంతమంది ఒకచోట చేరితే మంచినీళ్ళకూ మరుగుకూ పడే తిప్పలు ఏ కొండ కిందైనా ఒకటే.

తలనీలాలు తీసేచోట వదిన పక్కన నేను కూర్చున్నాను. ఆవిడ జడ విప్పుకుంది. మంగలాయన తలంతా నీళ్ళతో తడిపి, రెండు పాయలుగా ముడేసి, నుదుటి నుంచి కత్తి పెట్టాడు. మొదటి పాయ ఆవిడ ఒళ్ళో పడింది. పైన తెల్లగా, చివర్లు ఇంకా నల్లగా, ఏళ్ళు తెలిసిపోయేలా. వదిన కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉంది. చెవి వెనక చిన్న గాటు పడి రక్తం చుక్క వస్తే కొంగుతో నేనే అద్దాను. "ఏడుస్తావేంటి వదినా, పిల్ల బాగుంది కదా" అంది, గుండు తడుముకుంటూ. దుర్గమ్మ ముందు ఆగిన ఏడుపు నాకు ఇక్కడ ఆగలేదు.

మేం లేచేసరికి పాప ఆకలికి గుక్కపెట్టింది. అమ్మాయి పాలు పడదామంటే కూర్చునే చోటు లేదు, నీడ లేదు. చాప మీద కూర్చున్న ఒక ముసలామె, గుండుకు గంధం, నుదుట రూపాయంత బొట్టు, తన మూటలు జరిపి "ఇటు రా తల్లీ" అని చోటిచ్చింది. తన దుప్పటి ఒక కొస తను పట్టుకుని, ఒక కొస మనవడి చేతికిచ్చి చుట్టూ తెర కట్టింది. పాప తాగినంతసేపూ చెయ్యి దించలేదు. ఆ వయసులో అంతసేపు చెయ్యెత్తి నిలబడ్డమంటే మాటలా! తర్వాత కొబ్బరిముక్క పెట్టింది. పొద్దున దుర్గమ్మ దగ్గరకు వెళ్ళొచ్చామంటే, "మేమూ దసరాలకు ఎక్కుతాం" అంది.

"అయితే ఇద్దరూ ఒకటేనా మామ్మా?" అని అడిగాను.

"ఒకటెట్టా అవుతారే? ఆ తల్లి ఆ తల్లే, ఈ తల్లి ఈ తల్లే. ఒకటి చేస్తే ఒకరిని పోగొట్టుకున్నట్టు కాదూ?" అంది. "వినేవాడు ఒకడున్నాడులే పైన."

వదిన నవ్వి, "మామ్మ చెప్పింది నిజమే" అంది. ఆవిడ మాట ఆవిడది. మరియ తల్లి దేవుడు కాదు, దేవుడి తల్లి. కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షారసం అయిపోతే కొడుకు యేసుతో చెప్పిపెట్టింది ఆవిడే, ఇప్పుడు మా కోసమూ అలాగే చెప్పిపెడుతుంది, ఇచ్చేది మాత్రం ఆయనే అంటుంది. మా తల్లిని మీ అమ్మవారి అలంకారం అంటే నాకు కుదరదు వదినా అని ప్రేమగానే చెప్పింది. నిజమే. రూపమే లేదు, సాటి లేడు అని నమ్మి దువా చేసిన ఆ స్నేహితుడికీ అది కుదరదు. అన్నీ ఒకే దేవుడి రూపాలే అన్నది మన ఇంటి నమ్మకం. నాది అదే, రేపూ అదే. కానీ దాన్ని తీసుకెళ్ళి వదిన మొక్కు మీద కప్పేయడం గౌరవం కాదు.

తిరుగు ప్రయాణంలో ఇదే ఆలోచన. రామకృష్ణ పరమహంస 1866లో ఇస్లాం సాధన చేసిన రోజుల్లో కాళికమ్మ గుడి ఛాయలకు పోలేదు, మన దేవుళ్ళను చూడాలని కూడా అనిపించలేదు అని చెప్పుకున్నారు. అన్ని దారులూ ఒకచోటికే అన్న మహానుభావుడే దారులను కలగాపులగం చేయలేదు, దేన్నైనా పూర్తిగా నడిచాడు. దేవీ సప్తశతిలోనూ అంతే కదా. పదో అధ్యాయంలో శుంభుడనే రాక్షసుడు అమ్మను ఎత్తిపొడుస్తాడు, ఇతరుల బలం చూసుకుని యుద్ధం చేస్తున్నావని. ఈ జగత్తులో ఉన్నది నేనొక్కదాన్నే, రెండోది ఎక్కడుంది అంటుంది అమ్మ. వెంటనే ఆమె పక్కన యుద్ధం చేస్తున్న బ్రహ్మాణి మొదలైన దేవతలంతా ఆమెలో కలిసిపోతారు. మనం ఎప్పుడూ ఈ మాటే చెప్పుకుంటాం. అంతకుముందు యుద్ధం జరిగినంతసేపూ బ్రహ్మాణి హంస మీద, వైష్ణవి గరుత్మంతుడి మీద, కౌమారి నెమలి మీద, ఎవరి ఆయుధం వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళను తనలో కలుపుకున్నది అమ్మ. పక్కన నిలబడి చూసేవాళ్ళు కలిపింది కాదు. కలుపుకోవడం ఆమె పని, ఆమె అనుకున్నప్పుడు. నా పని పసుపు రాయడం, వదిన పని జపమాల తిప్పడం.

అల్లుడికి ఇదంతా చెబితే "రెండూ ఒకటే కదా అత్తయ్యా" అన్నాడు. కాదు నాయనా. నా నమ్మకం వదలకుండానే, వదిన చెప్పేదాన్ని వదిన చెప్పినట్టే వినగలుగుతున్నాను. ఈ ప్రయాణంలో నాకు దక్కింది అది.

పాప పుట్టువెంట్రుకలు మాత్రం మా ఇలవేల్పు కోటప్పకొండ త్రికోటేశ్వరుడికే. శివరాత్రి తిరునాళ్ళ జనంలో పసిపిల్లతో వద్దని, వేసవి ముదరకముందే ఏదో ఒక సోమవారం పెట్టుకుందామంటున్నాం. వదిన కూడా వస్తానంది. గుళ్ళోకి రానని ముందే చెప్పింది, కింద పాప పాలూ బట్టలూ చూసుకుంటుందట. పులిహోర తనే చేసి తెస్తానని కూడా అంది, చింతపండు పులుసు మాత్రం ముందు రోజే నన్ను కాచిపెట్టమంది.