అమ్ముగూడ క్లబ్, మా బడి

మా బడికి ఫుట్‌బాల్ జట్టు లేదు. ఉన్న కాస్త జాగా ప్రేయర్‌కే సరిపోయేది. అయినా మా క్లాసులో చాలామంది మగపిల్లలు సాయంత్రం బంతి ఆడనిదే ఇంటికి పోయేవాళ్లు కాదు. అదంతా సికింద్రాబాద్ పక్కనున్న మా ఊరు అమ్ముగూడ క్లబ్ చలవ. బడి గురించి రాయమంటే నాకు ముందు ఆ క్లబ్బే గుర్తొచ్చింది.

దానికి ఆఫీసు లేదు, బోర్డు లేదు. సైకిల్ షాపు ముందు ఒక బెంచీ, లోపల మేకుకు వేలాడే బంతుల వల, అంతే. గాలి కొట్టేది, బ్లాడర్‌కు పంక్చర్ వేసేది, ఎవరి ఎడమకాలు బాగుందో తేల్చేది అన్నీ షాపాయనే. అప్పటి తోలుబంతికి లేసు ఉండేది. వానలో తడిస్తే బరువెక్కేది. హెడ్ చేస్తే లేసు ముడి నుదుటి మీద అచ్చు పడేది. ఆ అచ్చుతో మర్నాడు క్లాసులో కూర్చోవడం మాకు పెద్ద గొప్ప.

జట్టును నడిపే అన్న ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండేవాడు. బడి ఎగ్గొట్టినవాడికి ఆ రోజు ఆట లేదు. ఈ సంగతి మా సార్లకు తెలుసు. అల్లరి మితిమీరితే కబురు ఇంటికి కాదు, సైకిల్ షాపుకు పోయేది. ప్రోగ్రెస్ కార్డు కూడా ముందు అన్న చూశాకే నాన్న చేతికి వెళ్లేది.

గ్రౌండ్‌లో తెలుగు, తమిళం, ఉర్దూ కలిసిపోయేవి. ఒకడు "ఇటియ్యిరా" అంటే ఇంకొకడు "ఇధర్ దే" అనేవాడు. సికింద్రాబాద్‌లో మ్యాచ్ ఉంటే అమ్ముగూడ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కేవాళ్లం. ఖర్చుకు కిరాణా కొట్లు చందా ఇచ్చేవి. అందుకు బదులా అన్నట్టు బోనాలకు తాళ్లు పట్టుకుని జనాన్ని అదుపు చేసినా, ఎవరింట్లోనైనా చావు జరిగితే పాడె మోసినా ముందుండేది క్లబ్ కుర్రాళ్లే.

పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం 1936లో పుట్టింది మా అమ్ముగూడలోనే. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన ఆడారు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన భారత జట్టులోనూ ఉన్నారు. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ ఒకప్పుడు హైదరాబాద్ బడుల్లో పంతులుగా పనిచేశారు. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని వరుసగా ఐదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసిందీ ఆయనే. "ఆయన కూడా మాలాంటి టీచరేరా" అని చెబుతుంటే మా డ్రిల్ సార్ గొంతే మారిపోయేది. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయారని వినగానే మా బ్యాచ్‌వాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. చాలాసేపు ఎవరికీ మాట రాలేదు.

పూర్వ విద్యార్థుల నిధితో బడి గేటుకు కమాను కడదామని కొందరు అంటున్నారు. నాకది ఇష్టం లేదు. ముందు బంతులు, బూట్లు కొందాం, ఒక కోచ్‌కు నెలనెలా జీతం ఇద్దాం. మా రోజుల్లో గట్టున నిలబడి చూడటమే తప్ప ఆడపిల్లలకు ఆట లేదు. ఈసారి మొదటి జట్టు వాళ్లదే కావాలి. నా వంతు చందా ఇప్పటికే కట్టేశాను.